లినక్స్ అప్‌డేట్లు: ఏది ఇవాళే, ఏది తీరిగ్గా

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కి సరిపడని పాత లాప్‌టాప్‌ని పారేయడం ఇష్టంలేక ఉబుంటుకో లినక్స్ మింట్‌కో మారినవాళ్లు మన చుట్టూ కనిపిస్తూనే ఉన్నారు. మారేటప్పుడు రెండు పాత నమ్మకాలు కూడా వెంట వస్తాయి. అప్‌డేట్ అంటే పని మధ్యలో సిస్టమ్ రీస్టార్ట్ అవడం, అరగంట సేపు స్క్రీన్ మీద పర్సెంటేజీ చూస్తూ కూర్చోవడం అన్నది మొదటిది. "లినక్స్‌కి వైరస్‌లు రావు కదా, ఇంకెందుకు?" అన్నది రెండోది. ఈ రెండూ కలిస్తే అప్‌డేట్ బాక్స్ కనబడిన ప్రతిసారీ "తర్వాత గుర్తుచేయి" నొక్కుతూ ఏడాది గడిచిపోతుంది. ఇంకో రకం వాళ్లు దీనికి పూర్తిగా వ్యతిరేకం. రోజూ టెర్మినల్ తెరిచి, ఎక్కడో చూసిన కమాండ్ కొట్టి, ఏం వస్తోందో ఏం పోతోందో చదవకుండానే ‘వై’ నొక్కేస్తారు.

మొదటి రకం వాళ్లే ఎక్కువ. 2021 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ బృందం తమ వాడుకదారుల తీరు గురించి కాస్త బాధగానే రాసింది. కొత్త ఫైర్‌ఫాక్స్ వచ్చిన వారంలోపు దాన్ని పెట్టుకున్నవాళ్లు మూడో వంతు కూడా లేరట. సపోర్ట్ ముగిసిపోయిన మింట్ 17ని అప్పటికీ వాడుతున్నవాళ్లూ తేలారు.

వైరస్ సంగతి ముందు తేల్చేద్దాం. 2022 జనవరి 25న క్వాలిస్ అనే భద్రతా సంస్థ పోల్‌కిట్‌లో ఒక లోపాన్ని బయటపెట్టింది. డెస్క్‌టాప్‌లో ఏదైనా మార్చబోతే పాస్‌వర్డ్ అడిగే చిన్న పెట్టె వస్తుంది కదా, దాని వెనక ఉండే వ్యవస్థే పోల్‌కిట్. దాదాపు ప్రతి లినక్స్ డెస్క్‌టాప్‌లోనూ ఉంటుంది. ఆ లోపం 2009 నుంచీ అందులోనే ఉంది. మామూలు యూజర్‌గా లాగిన్ అయిన ఎవరైనా, ఆ యూజర్ పేరు మీద నడిచే ఏ ప్రోగ్రామ్ అయినా, దాన్ని పట్టుకుని రూట్ అధికారం (సిస్టమ్‌లో ఏదైనా చేయగల హక్కు) సంపాదించుకోవచ్చు. పెద్ద డిస్ట్రోలు (ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకాలు) వెంటనే సవరణ పంపేశాయి. కానీ లోపాన్ని వాడుకునే కోడ్ కూడా అంతే తొందరగా ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. అప్పట్నుంచి అప్‌డేట్ చేయని సిస్టమ్ ఏదైనా ఉంటే అందులో ఆ తలుపు ఇప్పటికీ తెరిచే ఉంటుంది.

కాబట్టి అప్‌డేట్ చేయాలా వద్దా అన్నది ప్రశ్నే కాదు. తికమక అంతా ఇంకోచోట ఉంది. లినక్స్ డెస్క్‌టాప్‌లోకి సాఫ్ట్‌వేర్ ఒకే దారిలో రాదు. డిస్ట్రో ఇచ్చేది కొంత, స్నాప్‌గానో ఫ్లాట్‌ప్యాక్‌గానో (ఇవి యాప్‌లని విడిగా అందించే పద్ధతులు) వచ్చేది కొంత, మీరు బయటి నుంచి కలుపుకున్నది కొంత, మదర్‌బోర్డు కంపెనీ పంపే ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్ లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) కొంత. ఒక్కో దారికి ఒక్కో బాధ్యుడు, ఒక్కో వేగం, ఒక్కో రకం రిస్కు. డిస్క్ మీదున్న ఫలానా ఫైలు ఎవరి బాధ్యతో తెలిస్తే దాన్ని ఎప్పుడు, ఎలా అప్‌డేట్ చేయాలో దాదాపు తెలిసిపోయినట్టే. నేను చూసినంతలో అప్‌డేట్ వల్ల సిస్టమ్ పాడైందని జనం చెప్పే కథల్లో ఎక్కువ భాగం, ఒకే ఫైలుకి ఇద్దరు బాధ్యులు తయారైన కథలే.

ఇక్కడ ఉదాహరణలు ఎక్కువగా ఉబుంటు, మింట్ నుంచే తీసుకుంటున్నాను. కొత్తగా వచ్చేవాళ్లు ముందు చేరేది అక్కడికే.

రెపో నుంచి వచ్చేవి

ఉబుంటులో సాఫ్ట్‌వేర్‌లో పెద్ద భాగం ప్యాకేజీల రూపంలో రిపాజిటరీ (పొట్టిగా రెపో, డిస్ట్రో తన సాఫ్ట్‌వేర్ ఉంచే సర్వర్) నుంచి వస్తుంది. దాన్ని నడిపించేది ఆప్ట్. ‘ఆప్ట్ అప్‌డేట్’ అని కొడితే ఏదీ అప్‌డేట్ కాదు, అదే కొత్తవాళ్లని మొదట బోల్తా కొట్టించేది. అది రెపోలో ఏమేం ఉన్నాయో చెప్పే జాబితాని మాత్రమే తాజాగా తెచ్చుకుంటుంది. నిజంగా ప్యాకేజీలు మార్చేది ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’. ఇది అవసరమైతే కొత్త ప్యాకేజీలు చేరుస్తుంది గానీ ఉన్నవాటిని తీసేయదు. ‘ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్’ మాత్రం తీసేయడానికి కూడా వెనకాడదు. టెర్మినల్ ఇష్టంలేనివాళ్లకి ఉబుంటులో సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్, మింట్‌లో అప్‌డేట్ మేనేజర్ ఇదే పని చేసిపెడతాయి. అందులో నామోషీ ఏమీ లేదు. అసలు మింట్ అప్‌డేట్ మేనేజర్ చాలామంది టెర్మినల్ వీరుల అలవాట్ల కన్నా భద్రమైనది.

ఆ జాబితా మీద డిస్ట్రో డిజిటల్ సంతకం ఉంటుంది, ప్రతి ప్యాకేజీకి చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో తేల్చే అంకె) ఆ జాబితాలోనే ఉంటుంది. దారిలో ఎవరైనా ప్యాకేజీని మారిస్తే లెక్క కుదరదు, ఆప్ట్ దాన్ని తీసుకోదు. ఏ మిర్రర్ (రెపో నకలు ఉంచే సర్వర్) నుంచి దిగినా ఫర్వాలేదనేది ఇందుకే.

విండోస్‌తో అసలు తేడా లైబ్రరీల (ప్రోగ్రామ్‌లు వాడుకునే రెడీమేడ్ కోడ్) దగ్గర వస్తుంది. విండోస్‌లో చాలా ప్రోగ్రామ్‌లు తమకు కావలసిన లైబ్రరీలు తామే మోసుకొస్తాయి. లినక్స్ రెపోలో ఒకే లైబ్రరీని అందరూ పంచుకుంటారు, అపార్ట్‌మెంట్ మీద ఒకే వాటర్ ట్యాంక్ ఉన్నట్టు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డప్పుడు, ఆ ఒక్క ప్యాకేజీని మార్చి, దాన్ని వాడుతున్న ప్రోగ్రామ్‌లని మళ్లీ మొదలుపెడితే చాలు, వాటన్నిటికీ సవరణ అందింది. ట్యాంక్ ఒక్కటి కడిగితే ఇంటింటికీ తిరగనక్కర్లేదు. అయితే ఇందులోనే ఇబ్బంది కూడా ఉంది. ఒక ప్రోగ్రామ్ కొత్త లైబ్రరీ కావాలంటే, ఇంకోటి పాతదే కావాలంటే ఇద్దరికీ కుదరదు. "డిపెండెన్సీ" అనే మాట వినగానే పాత లినక్స్ వాళ్ల మొహాలు మారడానికి కారణం అదే.

పాత నంబర్ చూసి కంగారు పడకండి

2024 జులై 1న ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో (దూరం నుంచి సిస్టమ్‌లోకి లాగిన్ అవడానికి వాడేది) రెగ్రెష్షన్ అని పేరుపెట్టిన తీవ్రమైన లోపం బయటికొచ్చింది. లోపం సరిచేసిన వెర్షన్ 9.8 అని వార్తల్లో వచ్చింది. ఉబుంటు 22.04 వాడేవాళ్లు అప్‌డేట్ చేసి చూస్తే వెర్షన్ ఇంకా 8.9 అనే చూపిస్తోంది. "అప్‌డేట్ అయింది, కానీ పాతదే ఉంది, ఇప్పుడెలా?" అని చాలామంది టెన్షన్ పడ్డారు.

పడనవసరం లేదు. ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్), డెబియన్ స్టేబుల్ (డెబియన్ అనే డిస్ట్రోలో స్థిరమైన వెర్షన్) లాంటివి కొత్త వెర్షన్‌ని తెచ్చి పెట్టవు. కొత్త వెర్షన్‌లో సవరణ ఏ నాలుగు లైన్లలో ఉందో చూసి, ఆ లైన్లని మాత్రమే పాత వెర్షన్‌లోకి ఎక్కిస్తాయి. దీన్ని బ్యాక్‌పోర్ట్ అంటారు. అందుకే ముందు భాగం 8.9పీ1 అనే ఉంటుంది, తోకలో ఉన్న ‘ఉబుంటు0.10’ అనే చిన్న నంబర్ మారుతుంది. ఆ తోకే అసలు సమాచారం. అనుమానముంటే ‘ఆప్ట్ చేంజ్‌లాగ్’ అని ప్యాకేజీ పేరు కొట్టి చూడండి, ఏ సీవీఈ నంబర్‌కి (ఒక్కో లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) సవరణ వచ్చిందో అక్కడ రాసి ఉంటుంది. ఇంకో మాట: ఉబుంటు డెస్క్‌టాప్‌లో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ మొదట్నుంచీ ఉండదు, మీరు పెట్టుకుంటేనే ఉంటుంది. ఆ రోజు కంగారు పడినవాళ్లలో చాలామంది దగ్గర లోపమున్న ప్రోగ్రామే లేదు.

కొత్త వెర్షన్ అంటే మంచి వెర్షన్ అనే లెక్క ఎంత తప్పో 2024 మార్చి 29న ఇంకా స్పష్టంగా తెలిసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, డెబియన్ అన్‌స్టేబుల్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని తవ్వుకుంటూ పోయి, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో కావాలని పెట్టిన దొంగదారిని కనిపెట్టాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా ఆ ప్రాజెక్టులో బుద్ధిగా పనిచేసి, నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దాన్ని దూర్చారు. ఆ వెర్షన్లు ఎవరి సిస్టమ్‌ల్లోకి చేరాయి? డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్, ఫెడోరా ముందస్తు వెర్షన్ల లాంటివాటిలోకి. అంటే అందరికన్నా ముందు కొత్తది తీసుకునేవాళ్ల దగ్గరికి. డెబియన్ స్టేబుల్, అప్పటికి విడుదలై ఉన్న ఉబుంటు వెర్షన్లు పాత ఎక్స్‌జెడ్‌తోనే ఉన్నాయి కాబట్టి తప్పించుకున్నాయి. రాబోయే ఉబుంటు 24.04 బీటాని మాత్రం వారం వాయిదా వేసి, ప్యాకేజీలన్నీ మళ్లీ కట్టుకున్నారు.

ఈ రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎల్‌టీఎస్ లెక్క అర్థమవుతుంది. తెలిసిన లోపానికి సవరణ వెంటనే రావాలి. కొత్త ఫీచర్లు నలుగురి చేతుల్లో నలిగాక రావాలి. ఉబుంటు రెపోలో భద్రతా సవరణలకి ‘సెక్యూరిటీ’ అని, మామూలు బగ్ సవరణలకి ‘అప్‌డేట్స్’ అని విడివిడి అరలు పెట్టింది ఇందుకే. ఉబుంటు డెస్క్‌టాప్‌లో భద్రతా సవరణలు మీరు అడగకుండానే వెనకాల దిగి ఇన్‌స్టాల్ అవుతాయి, ‘అనటెండెడ్ అప్‌గ్రేడ్స్’ అనే ప్రోగ్రామ్ ఆ పని చూస్తుంది. మింట్‌లో అది మొదట్లో ఆపి ఉంటుంది. అప్‌డేట్ మేనేజర్ ప్రిఫరెన్సెస్‌లో ఆటోమేషన్ ట్యాబ్‌లోకి వెళ్లి మీరే ఆన్ చేసుకోవాలి. చేసుకోండి.

టెర్మినల్‌లో అప్‌గ్రేడ్ కొట్టినప్పుడల్లా "ఉబుంటు ప్రో తీసుకుంటే ఇంకా సవరణలు వస్తాయి" అనే సందేశం చూసి ప్రకటన అనుకుని చిరాకు పడేవాళ్లున్నారు. చిరాకు న్యాయమే గానీ అందులో విషయం కూడా ఉంది. రెపోలో ‘మెయిన్’ అనే భాగానికి ఉబుంటు తయారుచేసే కంపెనీ కనోనికల్ అయిదేళ్లు సవరణలు ఇస్తుంది. ‘యూనివర్స్’ అనే చాలా పెద్ద భాగం వాలంటీర్ల చేతిలో ఉంటుంది. వీఎల్‌సీ లాంటి రోజూ వాడేవి అందులోనివే. వాటికి కూడా కంపెనీ తరఫున సవరణలు కావాలంటే ప్రో ఖాతా ఉండాలి. సొంత వాడకానికి అయిదు సిస్టమ్‌ల వరకు ఉచితం. పైసా ఖర్చు లేనిది కాబట్టి నా ఓటు తీసుకోమనే.

కొన్ని ప్యాకేజీలు ఆగిపోయాయంటే

"ఫలానా ప్యాకేజీలు కెప్ట్ బ్యాక్" అనో, "డిఫర్డ్ డ్యూ టు ఫేజింగ్" అనో వస్తే సిస్టమ్ పాడైందని అనుకోకండి. మామూలు అప్‌డేట్లని ఉబుంటు ఒకేసారి అందరికీ వదలదు. ముందు కొద్ది శాతం మందికి ఇచ్చి, క్రాష్ రిపోర్టులు పెరగకపోతే శాతం పెంచుకుంటూ పోతుంది. మీ వంతు రాలేదంటే, మీకన్నా ముందు వేరేవాళ్లు మీ కోసం పరీక్షిస్తున్నారన్నమాట. ఉచితంగా దొరికిన ఆ సౌకర్యాన్ని, ఎక్కడో చదివిన కమాండ్‌తో బలవంతంగా తెప్పించుకుని పాడుచేసుకోవడం నాకెప్పుడూ అర్థం కాదు. భద్రతా సవరణలకి ఈ వంతులు ఉండవు, అవి అందరికీ ఒకేసారి వస్తాయి.

బలవంతం చేస్తే ఏమవుతుందో 2021 నవంబర్‌లో లోకమంతా చూసింది. లైనస్ సెబాస్టియన్ అనే ప్రముఖ యూట్యూబర్ పాప్ ఓఎస్ అనే డిస్ట్రోలో స్టీమ్ అనే గేమ్‌ల యాప్ పెట్టుకోబోయాడు. అప్పట్లో ఆ ప్యాకేజీల మధ్య పొంతన చెడి ఉంది. స్టీమ్ రావాలంటే డెస్క్‌టాప్ మొత్తం తీసేయాలని ఆప్ట్ లెక్కగట్టింది. ఇది ప్రమాదం, అయినా కావాలంటే "అవును, నేను చెప్పినట్టు చెయ్" అనే వాక్యాన్ని ఇంగ్లీషులో టైప్ చేయమంది. ఆయన టైప్ చేశాడు. డెస్క్‌టాప్ పోయి నల్ల స్క్రీన్ మిగిలింది. తప్పు ప్యాకేజీలదే, కానీ తీసేయబోయే వాటి జాబితా స్క్రీన్ మీదే ఉంది. ఆ తర్వాత ఆప్ట్‌లో ఆ వాక్యం టైప్ చేసే వెసులుబాటునే ఎత్తేశారు. అయినా ‘వై’ నొక్కే ముందు "ఇవి తొలగిపోతాయి" అన్న భాగాన్ని చదవడం మన చేతిలో పనే. అక్కడ డెస్క్‌టాప్ పేరో, కెర్నల్ (సిస్టమ్ మూలభాగం) పేరో, తెలియని పేర్ల బారో కనబడితే ‘ఎన్’ నొక్కి, రెండు రోజులాగి మళ్లీ చూడటమే మంచిది.

రీస్టార్ట్ అక్కర్లేదనేది సగం నిజం

లినక్స్‌లో ఒక ఫైలు వాడకంలో ఉండగానే దాని స్థానంలో కొత్తది పెట్టొచ్చు. పాత ఫైలు పేరు పోతుంది, కానీ దాన్ని తెరిచి పెట్టుకున్న ప్రోగ్రామ్‌కి అది మూసేదాకా అందుబాటులోనే ఉంటుంది. అందుకే అప్‌డేట్ జరుగుతుండగా మీరు హాయిగా టైప్ చేసుకుంటూ ఉండొచ్చు. అయితే దీని ఇంకో అర్థం చాలామందికి తట్టదు: అప్‌డేట్ అయ్యాక కూడా నడుస్తున్న ప్రోగ్రామ్‌లు లోపమున్న పాత లైబ్రరీనే వాడుతూ ఉంటాయి. నెల రోజులుగా మూత మూసి తెరుస్తూ, ఎప్పుడూ రీస్టార్ట్ చేయని లాప్‌టాప్‌లో సవరణలన్నీ డిస్క్ మీద ఉంటాయి, మెమరీలో మాత్రం నెల కిందటి కోడే నడుస్తుంది. కెర్నల్ సంగతైతే మరీను, రీస్టార్ట్ చేసేదాకా పాత కెర్నలే. అవసరమైనప్పుడు ఉబుంటు ‘రీబూట్-రిక్వైర్డ్’ అనే ఒక ఫైలు పెట్టి గుర్తు చేస్తుంది.

ఫెడోరా ఈ విషయంలో ఇంకో దారి పట్టింది. అక్కడ సాఫ్ట్‌వేర్ యాప్ నుంచి అప్‌డేట్ చేస్తే అచ్చం విండోస్‌లా రీస్టార్ట్ అయి, ఏ ప్రోగ్రామూ నడవని స్థితిలో ప్యాకేజీలు మార్చి, మళ్లీ లేస్తుంది. విండోస్ మీద విసుగెత్తి వచ్చినవాళ్లకి ఇది నచ్చదు. కానీ 2016 అక్టోబర్‌లో, డెస్క్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి అప్‌డేట్ చేస్తున్న కొందరు ఫెడోరా వాడుకదారులకి మధ్యలో డెస్క్‌టాప్ కూలిపోయి, దాంతో పాటు టెర్మినల్ పోయి, అప్‌డేట్ సగంలో ఆగింది. కొత్తవీ పాతవీ కలిసిపోయిన ప్యాకేజీల గందరగోళం మిగిలింది. ఆ దెబ్బ తర్వాత రీస్టార్ట్ పద్ధతిని తప్పుపట్టడం కష్టం.

స్నాప్, ఫ్లాట్‌ప్యాక్

ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ మామూలు ప్యాకేజీగా రావడం ఆగిపోయింది. ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేసినా వెనకాల స్నాపే దిగుతుంది. కాబట్టి ఆప్ట్ అప్‌గ్రేడ్ ఎన్నిసార్లు కొట్టినా ఫైర్‌ఫాక్స్ మీద ప్రభావం ఉండదు, దాని బాధ్యుడు వేరు. స్నాప్ రోజుకి నాలుగుసార్లు తనే చూసుకుని, కొత్తది ఉంటే తెచ్చుకుంటుంది. "అప్‌డేట్ ఉంది, యాప్ మూసేయండి" అనే నోటిఫికేషన్ వచ్చినప్పుడు చేయాల్సిందల్లా ఫైర్‌ఫాక్స్‌ని పూర్తిగా మూసి కాసేపు ఆగడమే. అన్ని ట్యాబ్‌లూ అలాగే ఉంచి వారాల తరబడి నడిపితే అది పాత వెర్షన్‌లోనే ఉంటుంది. ఇంట్లో ఎక్కువ ప్రమాదానికి ఎదురుగా నిలబడే ప్రోగ్రామ్ బ్రౌజరే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. కెర్నల్ గురించి వాదించుకునే మనం బ్రౌజర్‌ని పట్టించుకోం.

ఫ్లాట్‌ప్యాక్‌ది మింట్, ఫెడోరా వైపు వాడకం. మింట్ 2020 నుంచే స్నాప్‌ని తలుపు బయట నిలబెట్టింది. స్నాప్ అయినా ఫ్లాట్‌ప్యాక్ అయినా ఆలోచన ఒకటే: యాప్ తనకు కావలసిన లైబ్రరీలు తనే తెచ్చుకుంటుంది, సిస్టమ్‌లోని వాటిని ముట్టుకోదు. అందువల్ల పాత ఎల్‌టీఎస్ మీద కూడా సరికొత్త లిబ్రేఆఫీస్, జింప్ నడుస్తాయి, సిస్టమ్‌కి ఏమీ కాదు. దీనికి వెల కూడా ఉంది. యాప్‌తో వచ్చిన లైబ్రరీలో లోపం బయటపడితే ఒక్కో యాప్ తయారుచేసినవాళ్లు విడిగా మళ్లీ కట్టి పంపాలి. చురుకైన ప్రాజెక్టు అయితే రోజుల్లో పంపుతుంది, వదిలేసిన యాప్ అయితే ఎప్పటికీ పంపదు. పైగా ఇక్కడ ఎవరైనా యాప్ పెట్టొచ్చు. 2024లో క్రిప్టో వాలెట్ల పేరుతో నకిలీ స్నాప్‌లు పెట్టి డబ్బు కాజేశారు. ప్రచురించినవారి పేరు పక్కన ధ్రువీకరణ గుర్తు చూసే అలవాటు ఇక్కడ తప్పనిసరి. నా పద్ధతైతే, సిస్టమ్‌కి పునాదిలాంటివన్నీ ఆప్ట్ నుంచి, కొత్త వెర్షనే కావాల్సిన రెండు మూడు పెద్ద యాప్‌లు ఫ్లాట్‌ప్యాక్ నుంచి.

ఇద్దరు బాధ్యులు తయారయ్యేది ఇక్కడే

క్రోమ్ డెబ్ ఫైలు (ఉబుంటు తరహా ప్యాకేజీ) దింపి ఇన్‌స్టాల్ చేస్తే అది తన రెపోని కూడా కలిపేస్తుంది. ఆ తర్వాత క్రోమ్ అప్‌డేట్లు ఆప్ట్ ద్వారానే వస్తాయి. ఇది మంచి ఏర్పాటే, ఎందుకంటే ఆ రెపో తన ప్రోగ్రామ్ జోలికి తప్ప ఇంక దేని జోలికీ పోదు. చిక్కల్లా పీపీఏలతో, అంటే ఎవరైనా సొంతంగా నడిపే చిన్న రెపోలతో. ఎవరో ఒక వాలంటీర్ కొత్త వీడియో డ్రైవర్‌నో కొత్త లైబ్రరీనో పెట్టిన పీపీఏని మీరు కలిపితే, సిస్టమ్‌కి చెందిన ప్యాకేజీల మీద డిస్ట్రోతో పాటు ఆయనకీ హక్కు వస్తుంది. ఏడాది తర్వాత ఆయన ఆసక్తి పోతుంది, ప్యాకేజీ మాత్రం మీ దగ్గరే ఉండిపోతుంది. వెర్షన్ నంబర్ పెద్దది కాబట్టి ఉబుంటు పంపే సవరణ దాన్ని దాటలేదు. పెద్ద అప్‌గ్రేడ్ రోజున లెక్క కుదరక మొండికేస్తుంది. సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్‌లో రెండో ట్యాబ్ తెరిచి, అక్కడున్న ప్రతి బయటి రెపో ఎందుకు పెట్టుకున్నారో చెప్పగలరేమో చూసుకోండి. చెప్పలేనిది తీసేయొచ్చు. తీసేసేటప్పుడు ‘పీపీఏ-పర్జ్’ వాడితే దాని ప్యాకేజీలు కూడా డిస్ట్రో వెర్షన్లకి తిరిగి వస్తాయి.

ఇంజినీరింగ్ విద్యార్థుల లాప్‌టాప్‌లలో ఈ సమస్య పైథాన్ రూపంలో కనిపిస్తుంది. ల్యాబ్ కోసం ‘సూడో పిప్ ఇన్‌స్టాల్’ కొడతారు (పైథాన్ లైబ్రరీలు తెచ్చే టూల్ పిప్, దాన్ని అడ్మిన్ అధికారంతో నడిపేది సూడో). ఉబుంటులో చాలా సిస్టమ్ టూల్స్, అప్‌డేటర్‌తో సహా, పైథాన్‌లోనే రాసి ఉన్నాయి. పిప్ తెచ్చిన కొత్త లైబ్రరీ సిస్టమ్ లైబ్రరీకి అడ్డుపడితే, ప్రాజెక్ట్ నడుస్తుంది గానీ అప్‌డేటర్ తెరుచుకోదు. డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి ఇలా కొడితే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అని చెప్పి పిప్ ఆగిపోతుంది. ఇది ఎర్రర్ అనుకుని, దాన్ని దాటేసే ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ ఆప్షన్‌ని వెతికి మరీ పెడుతున్నారు. ఆ ఆప్షన్ పేరులోనే జరగబోయేది రాసి ఉంది. ప్రాజెక్ట్‌కి ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (దాని లైబ్రరీలకి మాత్రమే విడి ఫోల్డర్) చేసుకుంటే పిప్ అందులో ఏం చేసుకున్నా సిస్టమ్‌కి సంబంధం ఉండదు.

కరెంటు, డేటా, తాళం

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి డెస్క్‌టాప్ ఆగిపోయిందనుకోండి. చాలాసార్లు కొంప మునగదు. ప్యాకేజీలు విప్పడం ఒక దశ, వాటిని అమర్చడం ఇంకో దశ. మధ్యలో ఆగితే మళ్లీ లేచాక ‘సూడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ కొట్టమని ఆప్టే చెబుతుంది, అది మిగిలిన అమరిక పూర్తి చేస్తుంది. ఆ తర్వాత ‘ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’ అవసరం కావచ్చు. లాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడే ఆటోమేటిక్ అప్‌డేట్లు నడుస్తాయి.

ఫోన్ హాట్‌స్పాట్ మీద ఇంటర్నెట్ వాడేవాళ్లకి డేటా బెంగ ఉంటుంది. ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్‌ని నెట్‌వర్క్ మేనేజర్ చాలావరకు తనే గుర్తుపట్టి ‘మీటర్డ్’ (డేటాకి పరిమితి ఉన్నది) అని రాసుకుంటుంది. అలా గుర్తున్న కనెక్షన్ మీద ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆగుతాయి. గుర్తుపట్టకపోతే వైఫై సెట్టింగ్స్‌లో మీరే పెట్టొచ్చు. అయితే ఎప్పుడూ హాట్‌స్పాట్ మీదే ఉండేవాళ్లకి ఆటోమేటిక్ అప్‌డేట్లు ఎప్పుడూ రావు. వాళ్లు మాత్రం వారానికోసారి చేత్తో చేసుకోవాల్సిందే.

ఇక తాళం సంగతి. సిస్టమ్ ఆన్ చేయగానే ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే "లాక్ దొరకలేదు" అని వస్తుంది. వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తోందని అర్థం. ఇంటర్నెట్‌లో దొరికే సలహా ఏమిటంటే ఆ లాక్ ఫైలుని డిలీట్ చేయమని. ఇంతకన్నా పాడు సలహా ఈ మొత్తం వ్యవహారంలో లేదు. ఒకే డేటాబేస్‌లో ఇద్దరు ఒకేసారి రాయకుండా ఆపేదే ఆ తాళం. దాన్ని పగలగొట్టి లోపలికి పోతే ప్యాకేజీల లెక్క చెడిపోతుంది, దాన్ని బాగుచేయడం మామూలు యూజర్ వల్ల కాదు. మెసేజ్‌లోనే ఏ ప్రాసెస్ పట్టుకుందో రాసి ఉంటుంది. ‘అనటెండెడ్’ అని కనబడితే టీ తాగి రండి.

చెడితే వెనక్కి

కొత్త కెర్నల్ వచ్చాక వైఫై పోయిందనో స్క్రీన్ నల్లగా ఉందనో అయితే, ఉబుంటు పాత కెర్నల్‌ని తీసేయకుండా ఉంచుతుంది. ఆన్ చేసేటప్పుడు గ్రబ్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి ముందటి కెర్నల్‌తో లేపొచ్చు. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డున్నవాళ్లకి ఇది ఎక్కువ అవసరపడుతుంది, వాళ్ల డ్రైవర్ ప్రతి కెర్నల్‌కీ జతపడాలి కాబట్టి. ఇలా ఆడే పాత కెర్నల్ ఒకటి చేతిలో ఉందని తెలిస్తే సగం భయం పోతుంది.

మిగతా వాటికి టైమ్‌షిఫ్ట్. మింట్‌లో ముందే ఉంటుంది, ఉబుంటులో పెట్టుకోవచ్చు. ఇది సిస్టమ్ ఫైళ్లకి స్నాప్‌షాట్ తీస్తుంది. మీ ఫోటోలు, డాక్యుమెంట్లు ఇందులో ఉండవు, వాటికి బ్యాకప్ వేరే చూసుకోవాలి. ఇది మరిచిపోయి టైమ్‌షిఫ్ట్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లని చూస్తే భయమేస్తుంది.

పెద్ద అప్‌గ్రేడ్

ఎల్‌టీఎస్ నుంచి ఎల్‌టీఎస్‌కి దూకడం వారం వారం చేసే పని లాంటిది కాదు, తొందర పెట్టేవాళ్లెవరూ లేరు. 24.04 వచ్చింది 2024 ఏప్రిల్‌లో. 22.04 వాడేవాళ్లకి అప్‌గ్రేడ్ చేయమని సిస్టమ్ అడగడం మాత్రం 24.04.1 వచ్చాకే మొదలైంది. అది ఆగస్టు 29న వచ్చింది, అప్‌గ్రేడ్ ప్రోగ్రామ్‌లోనే లోపం బయటపడటంతో ఆ ఆహ్వానాన్ని కొన్నాళ్లు వెనక్కి తీసుకున్నారు కూడా. అంటే ఉబుంటు వాళ్లే ఆగమంటున్నారు, మనకేం తొందర. 24.04కి మామూలు సపోర్ట్ 2029 దాకా ఉంది.

తొందర ఉండేది ఇంకో రకం వాళ్లకి. 25.04, 25.10 లాంటి మధ్యంతర వెర్షన్లు పెట్టుకున్నవాళ్లకి సపోర్ట్ 9 నెలలే. గడువు దాటాక ఆ రెపోలని పాత విడుదలల సర్వర్‌కి తరలించేస్తారు, ఆప్ట్ అప్‌డేట్ కొడితే 404 ఎర్రర్లు వస్తాయి. కొత్త ఫీచర్ల కోసం మధ్యంతర వెర్షన్ పెట్టుకుని, తర్వాత దాన్ని పట్టించుకోకపోవడం అన్నిటికన్నా చెడ్డ కలయిక. ఏడాదికి రెండుసార్లు అప్‌గ్రేడ్ చేసే ఓపిక లేకపోతే ఎల్‌టీఎస్‌లోనే ఉండాలి.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు అరుదు. డెల్, లెనోవో లాంటి కంపెనీలు ఎల్‌వీఎఫ్‌ఎస్ అనే సర్వీసు ద్వారా బయోస్ (మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్) అప్‌డేట్లు పంపుతాయి, అవి ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే ప్రోగ్రామ్ ద్వారా సాఫ్ట్‌వేర్ యాప్‌లోనే కనిపిస్తాయి. ఇక్కడ మాత్రం కరెంటు జాగ్రత్త నిజంగానే ముఖ్యం. ప్యాకేజీ సగంలో ఆగితే బాగుచేసుకోవచ్చు, బయోస్ సగంలో ఆగితే మదర్‌బోర్డు సర్వీస్ సెంటర్‌కి వెళ్లాల్సి రావచ్చు. ఛార్జర్ పెట్టి, బ్యాటరీ కూడా నిండుగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద.